నవ్విస్తూ శవం దాకా తీసుకెళ్లే డిటెక్టివ్

సూర్యాపేట దగ్గరి ఆత్మకూర్ (ఎస్) లాంటి ఊళ్లో కొత్త మనిషి కనబడితే చాలు, అరుగు మీది అవ్వ విచారణ మొదలుపెడుతుంది. "ఎవలింటికొచ్చినవ్ బిడ్డా? ఎవల కొడుకువు?" నాలుగు ప్రశ్నల్లో వచ్చినాయన పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి. లైసెన్సు లేని ఇలాంటి పరిశోధకుల మధ్య పెరిగినవాళ్లకి, పోలీసు కానివాడు హత్య కేసులో తలదూర్చడం వింతేమీ కాదు. 2021లో మొదలైన అమెరికన్ సిరీస్ 'ఓన్లీ మర్డర్స్ ఇన్ ద బిల్డింగ్' నడిచేదీ ఈ ఆరా మీదే. న్యూయార్క్‌లో ఒకే భవనంలో ఉండే ముగ్గురు, అక్కడే జరిగిన ఓ చావు మీద పాడ్‌కాస్ట్ మొదలుపెడతారు.

మనకి డిటెక్టివ్ అంటే చాలాకాలం హుందాతనమే. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అసిస్టెంట్ రాజు కోసం పాఠకులు అద్దె పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగారు. ఆ హుందాతనానికి గాలి తీసింది 1986 నాటి 'చంటబ్బాయ్'. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలను జంధ్యాల సినిమాగా తీస్తే, జేమ్స్ పాండ్‌నని చెప్పుకు తిరిగే పాండురంగారావుగా చిరంజీవి కడుపుబ్బ నవ్వించారు.

నవ్వుతో కథకుడికి దక్కే లాభం చిన్నది కాదు. గంభీరమైన డిటెక్టివ్ ఓ సిగరెట్ పీక వైపు చూస్తే ప్రేక్షకుడు కూడా దాన్ని పట్టేసుకుంటాడు. అదే పీక మీద కాలేసి జారిపడితే నవ్వుకుని మర్చిపోతాడు. ఆధారం కళ్ల ముందే ఉంటుంది, ఎవరికీ ఆనదు. పైగా తింగరోడి ముందు అనుమానితులూ నోరు జారతారు.

ఈ పద్ధతికి తెలుగులో మంచి ఉదాహరణ 2019లో స్వరూప్ ఆర్‌ఎస్‌జె తీసిన 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'. రచనలోనూ పాలుపంచుకున్న నవీన్ పొలిశెట్టి ఇందులో నెల్లూరు డిటెక్టివ్. ఆఫీసు పేరు ఎఫ్‌బీఐ, అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. నెల్లూరు ఎండలో కోటూ టోపీ! వేషం అరువుదే, బుర్ర మాత్రం సొంతం. చిల్లర కేసులతో కాలక్షేపం చేసే ఇతగాడు రైలు పట్టాల పక్కన దొరికిన శవం జోలికి వెళ్లి లాకప్‌లో పడతాడు. అప్పటిదాకా నవ్విన ప్రేక్షకుడికి అక్కణ్నుంచి గొంతులో పచ్చివెలక్కాయ పడుతుంది.

(సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు.) పుణ్యక్షేత్రంలో అంత్యక్రియలు చేయిస్తామని నమ్మించి శవాలను తీసుకెళ్లే ముఠా చుట్టూ కథ తిరుగుతుంది. ఆ శవాలు చేరేది పట్టాల పక్కకి. మనవాళ్లకి పుణ్యలోకాలు దక్కాలన్న ఆశే నేరగాళ్లకి పెట్టుబడి. దీన్ని మొదటి సీను నుంచీ గంభీరంగా చెప్పి ఉంటే ఉపన్యాసమయ్యేది. వెకిలి వేషాల వెనక నడిచి వచ్చాం కాబట్టే, ఆ దారి మన నమ్మకం దగ్గరికే చేరిందని ఆలస్యంగా తెలుస్తుంది, గట్టిగా తగులుతుంది. తమిళంలో సంతానంతో 'ఏజెంట్ కన్నాయిరం'గానూ ఇదే కథ వచ్చింది.

సిరీస్‌ల సంగతికొస్తే, 2024లో జీ5లో వచ్చిన 'వికటకవి'ని చెప్పుకోవాలి. ప్రదీప్ మద్దాలి దర్శకుడు. 1970ల నాటి తెలంగాణ నేపథ్యం. నరేశ్ అగస్త్య వేసిన డిటెక్టివ్ రామకృష్ణ, అమరగిరి అనే ఊరికి వెళ్తాడు. అక్కడ దేవతల గుట్ట ఎక్కినవాళ్లు జ్ఞాపకశక్తి పోగొట్టుకుని దిగివస్తుంటారు. పల్లె, భయం, పుకారు, ఖాకీ చొక్కా లేని పరిశోధకుడు: సరంజామా అంతా కుదిరింది, ఒక్క నవ్వు తప్ప. పేరేమో తెనాలి రామకృష్ణుణ్ని తలపిస్తుంది, మనిషి మాత్రం యుగంధర్ బాటలోనే నడుస్తాడు.