చదరపు మీటరుకు ఒకటింబావు గ్రాము

పనితనం గురించి రాసేవాళ్ళకు కంటికి కనిపించేది దొరికితే సగం పని అయిపోయినట్టే. జరీ అంచు ఉంటుంది, చెక్కిన గుమ్మం ఉంటుంది, వేలితో చూపించి ఇదిగో అనొచ్చు. పెర్మెత్రిన్ అనే పురుగుమందు పట్టించిన ప్యాంటులో చూపించడానికి ఏమీ లేదు. ఆరాక రంగు మారదు, వాసన రాదు, తడిమితే జిడ్డు తగలదు. పక్కనే మామూలు ప్యాంటు వేలాడదీస్తే ఏది ఏదో పని చేసిన మనిషే చెప్పలేడు. తేడా తెలిసేది పిడుదుకు.

ఇది మన గేదెల చెవుల్లో కనిపించే లావుపాటి పిడుదు కాదు. అమెరికా తూర్పు రాష్ట్రాల అడవుల్లో ఉండే నల్లకాళ్ళ పిడుదు. ఎదిగీ ఎదగని దశలో గసగస గింజంత ఉంటుంది. మే నుంచి జులై దాకా ఆ పిల్ల పిడుదులదే రాజ్యం. ఎగరలేదు, దూకలేదు. రాలిన ఆకుల మీదో గడ్డి కొస మీదో ముందుకాళ్ళు చాచి కూర్చుంటుంది. బూటో ప్యాంటు అంచో రాసుకుంటే పట్టుకుని పైకి పాకుతుంది. మోకాలి వెనకో గజ్జల్లోనో చోటు చూసుకుని కరుచుకుంటుంది. దానిలో లైమ్ జబ్బు సూక్ష్మజీవి ఉంటే అది మన ఒంట్లోకి దిగడానికి మామూలుగా ఒక రోజుకు పైనే పడుతుంది. 1970లలో కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి చుట్టుపక్కల పిల్లలకు కీళ్ళు వాచిపోవడంతో ఈ జబ్బు వెలుగులోకి వచ్చింది. విలీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల్లో దాని మూలాన్ని పట్టుకున్న సంగతి 1982లో ప్రచురితమైంది. జార్జియా నుంచి మెయిన్ దాకా దాదాపు 2,190 మైళ్ళు సాగే అపలాచియన్ ట్రయిల్ ఉత్తర భాగమంతా ఈ పిడుదుల ఇలాకాలోనే ఉంది. న్యూజెర్సీలో మనవాళ్ళు శనివారం పులిహోర కట్టుకుని వెళ్ళే డెలావేర్ వాటర్ గ్యాప్ కొండలు కూడా ఆ దారిలోవే.

పెర్మెత్రిన్ మన మెడికల్ షాపులకు కొత్త పేరేమీ కాదు. గజ్జికి డాక్టర్లు రాసే 5 శాతం క్రీము ఇదే. మెడ నుంచి అరికాళ్ళ దాకా పూసుకుని, రాత్రంతా ఉంచుకుని, పొద్దున కడిగేసుకునే మందు. బట్టకు కొట్టే ద్రావణంలో ఉండేది అందులో పదో వంతు, 0.5 శాతం. దీని పూర్వీకుడు పైరెత్రమ్, చేమంతి జాతి పూల నుంచి తీసే పురుగుమందు. పురుగును ఇట్టే పడగొడుతుంది గానీ ఎండ తగిలితే విరిగిపోతుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం ఆ అణువును ఏళ్ళ తరబడి అక్కడక్కడా మార్చి చూస్తూ వచ్చి, 1973 నాటికి వెలుతురుకు తట్టుకునే పెర్మెత్రిన్‌ను తయారుచేసింది. పురుగు నాడుల్లో సోడియం రాకపోకలకు సన్నని ద్వారాలుంటాయి, తెరుచుకున్న వెంటనే మూసుకోవాలి. ఈ మందు వాటిని మూసుకోనివ్వదు. నాడి ఆగకుండా కొట్టుకుని కాళ్ళు పట్టు తప్పుతాయి. మన చర్మం దీన్ని చాలా కొద్దిగా మాత్రమే పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని ఒళ్ళు త్వరగా విరగ్గొట్టేస్తుంది.

దోమల క్రీములా ఇది దూరం నుంచి తరమదు. పిడుదు వచ్చి బట్ట మీద కాలు మోపాలి, మందు ఆ కాలికి అంటాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ పరిశోధకులు షాపుల్లో దొరికే మందు పట్టించిన బట్టల మీద పిడుదుల్ని వదిలి చూసి 2018లో ఫలితాలు ప్రకటించారు. అవి గాబరాపడి జారిపోయాయి, కాసేపు అంటిపెట్టుకున్నవాటిలో చాలా వాటికి కదిలే శక్తి పోయింది. అంటే పిడుదు కాలు ఎక్కడ పడినా అక్కడ మందు ఉండి తీరాలి. వేలెడు మేర వదిలేస్తే అదే దానికి దారి. ఈ పనిలో గొప్పదనమంతా ఆ సమానత్వంలోనే ఉంది.

న్యూజెర్సీలో మా మేనమామ కొడుకు చేస్తుంటే దగ్గర కూర్చుని చూశాను. గాలి లేని పొద్దున్న, పెరట్లో, చేతులకు గ్లవ్స్. ఇంట్లో పిల్లి ఉంది కాబట్టి తలుపు వేసి ఉంది. ఈ మందును విరగ్గొట్టే శక్తి పిల్లి ఒంటికి సరిగా ఉండదు, తడి బట్టను నాకినా రాసుకున్నా ప్రాణం మీదికి వస్తుంది. ప్యాంటును హ్యాంగర్‌కు తగిలించి చెట్టుకొమ్మకు వేలాడదీశాడు. బాటిల్‌ను బట్టకు జానెడు లోపు దూరంలో పెట్టి, నడుము దగ్గర కాకుండా చీలమండ దగ్గర మొదలుపెట్టాడు. అంచును పైకి మడిచి లోపలి వైపు కూడా తడిపాడు, ఎందుకంటే బూటు మీదుగా ఎక్కే పిడుదు ప్యాంటు బయటి నుంచే పోవాలని ఎక్కడా లేదు. తర్వాత పక్క కుట్ల వెంబడి, మోకాలి వెనక ముడతలు పడే చోట, జేబుల రెక్కలు ఎత్తి వాటి కింద. పిచికారీ పని ఇంత మెల్లగా సాగుతుందని నేననుకోలేదు.

"సెంటు కొట్టుకున్నట్టు కొడితే అయిపోదా బావా?" అన్నాను.

"అప్పుడు తడిసినట్టు కనిపిస్తుంది బావా, తడవదు."

బూట్ల దగ్గర ఇంకాస్త శ్రద్ధ. లేసులు వదులు చేసి, నాలుకను బయటికి లాగి, అది పక్కలకు కలిసే కుట్టు లోపలి దాకా కొట్టాడు. మేజోళ్ళను పరిచి రెండు వైపులా తడిపాడు. లోదుస్తుల జోలికి పోలేదు, పోకూడదు. ఆరబెట్టడం నీడలో. మామూలుగా రెండు గంటలు చాలు, గాలిలో తేమ ఉంటే నాలుగు. ఎండకు తట్టుకునే మందే అయినా ఎండలో పడేసి ఉంచితే అరుగుతుంది, అందుకే వాడని రోజుల్లో ఈ బట్టలు నల్లటి సంచిలో ఉంటాయి. ఇంత చేస్తే ఆరు వారాలు, లేదా ఆరు ఉతుకులు.

ఆరే ఎందుకు? ఇక్కడ కాస్త లెక్క వెయ్యాలి. అమెరికా సైన్యం తన యూనిఫారాలకు పెట్టుకున్న కొలత చదరపు సెంటీమీటరుకు 0.125 మిల్లీగ్రాము. చదరపు మీటరుకు ఒకటింబావు గ్రాము. 0.5 శాతం ద్రావణం లీటరులో ఉండే మందు దాదాపు 5 గ్రాములు. కాబట్టి ఒక చదరపు మీటరు బట్టకు ఆ కొలత అందాలంటే పావు లీటరు ద్రావణం ఇంకాలి. పలచని చొక్కా గుడ్డ చదరపు మీటరు తూకం అందులో సగం ఉంటే ఎక్కువ. బట్ట తన బరువుకు రెట్టింపు తాగాలన్నమాట. చేతి స్ప్రేతో అది అయ్యే పని కాదు, కారిపోతుంది. మా బావ నెమ్మదితనం చాదస్తం కాదని నాకు ఈ లెక్కతో నమ్మకం కుదిరింది. చిన్న బాటిల్ చేతిలో ఉన్నవాడు ఆ కొలతకు వీలైనంత దగ్గరికి వెళ్ళడానికి చేసే ప్రయత్నం అది.

ఈ కొలతను సైనికుడి చేతికి అందించిన పొట్లం నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికంటే అందమైన వస్తువు. దానిలో 40 శాతం పెర్మెత్రిన్ ఉన్న 9 మిల్లీలీటర్ల సీసాలు రెండు, ప్లాస్టిక్ సంచులు రెండు, పురికొస ముక్కలు రెండు, ఒక నల్ల మార్కర్. ఒక సీసా చొక్కాకు, ఒకటి ప్యాంటుకు. సీసాలో మందు సుమారు మూడున్నర గ్రాములు. దాన్ని ఒకటింబావుతో భాగించి చూడండి, రెండున్నర మూడు చదరపు మీటర్లు వస్తుంది. ఒక సైనిక ప్యాంటుకు పట్టే గుడ్డ అటూ ఇటూగా అంతే. తూకం వేసే పని సైనికుడికి పెట్టలేదు, సీసా పరిమాణంలోనే లెక్క తేల్చేశారు.

చేసే తీరు ఇంకా బాగుంటుంది. బట్టను మడిచి గట్టిగా చుట్ట చుట్టి, నడిమిన పురికొసతో కట్టాలి. సంచిలో సైనికుడి కప్పుతో ముప్పావు కప్పు నీళ్ళు పోసి, సీసా మందు కలిపి, చుట్టను అందులో నిలబెట్టి మూతి బిగించాలి. రెండున్నర గంటలు ముట్టుకోకూడదు. ద్రావణాన్ని పైకి లాక్కునే పని బట్ట నూలే చేసుకుంటుంది. పోచంపల్లి చిటికి పనిలో రంగు చేరకూడని చోట దారం బిగిస్తారు. ఇక్కడ అదే ముడి బట్టను బిగువుగా పట్టి ఉంచి, పొర నుంచి పొరకు మందు పాకడానికి దారి ఇస్తుంది. నీళ్ళ కొలత కూడా బట్ట తాగేంతకే సరిపెట్టారు. సంచి అడుగున పారబోయడానికి ఏమీ మిగలకూడదు. వాగులో పడితే చేపలకు ఈ మందు ప్రాణాంతకం, అడవి మధ్యలో విడిది చేసిన దళానికి ఆ జాగ్రత్త చిన్నది కాదు. తీసి ఆరేశాక, లోపలి లేబుల్ మీద మార్కర్‌తో నెల, సంవత్సరం రాసుకోవాలి. కంటికి కనిపించని పనికి అదొక్కటే గుర్తు. ఇలా పట్టించిన యూనిఫారం దాదాపు 50 ఉతుకులు ఓర్చుకుంటుంది.

గాఢమైన మందు మామూలు జనానికి ఈ పొట్లంగా దొరకదు. పశువుల కోసం అమ్మే సీసా కొని, నీళ్ళు కలుపుకుని, బకెట్లో బట్టలు ముంచే ట్రెకర్లున్నారు. పొదుపుగానే ఉంటుంది, వాళ్ళు లెక్కలూ బాగానే వేస్తారు. నాకు మాత్రం నచ్చని పని. ఆ సీసాలో మందు ఒక్కటే ఉండదు, దాన్ని కరిగించిన ద్రావకాలుంటాయి. బట్టలకు వాడమని ఆ లేబుల్ చెప్పదు. బకెట్లో మిగిలిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నది ఇంకో ప్రశ్న.

ఫ్యాక్టరీ పని గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, అది ఓడించలేనంత బాగుంటుంది. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోకు చెందిన ఇన్‌సెక్ట్ షీల్డ్ బట్టలకు 2003లో ప్రభుత్వ పర్యావరణ సంస్థ అనుమతి వచ్చింది. నూలుకు మందును గట్టిగా అంటిస్తారు, 70 ఉతుకుల హామీ. మన సొంత బట్టలు పోస్టులో పంపినా పట్టించి తిప్పి పంపుతారు. మసాచుసెట్స్, రోడ్ ఐలాండ్‌లలో ఆరుబయట పనిచేసే ఉద్యోగులకు ఫ్యాక్టరీలో మందు పట్టించిన యూనిఫారాలిచ్చి రెండేళ్ళు గమనించారు. పిడుదు కాట్లు మొదటి ఏడాది 65 శాతం తగ్గాయి, రెండో ఏడాది 50 శాతం. లేబుల్ మీది ఉతుకుల సంఖ్య వేరు, ఒరిపిడి పడే నిజం ప్యాంటు వేరు.

బూట్ల దగ్గర మా బావ అంతసేపు ఎందుకు కూర్చున్నాడో చెప్పే లెక్క ఒకటుంది. రోడ్ ఐలాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, మందు పట్టించిన బూట్లూ మేజోళ్ళూ వేసుకున్నవాళ్ళకు పిడుదు కరిచే అవకాశం మిగతావాళ్ళకంటే 73.6 రెట్లు తక్కువ. చొక్కాకు కొట్టే సమయం లేకపోతే మానేయొచ్చు, బూట్లకు మానేయకూడదు. దోమల సంగతి వేరు. అవి బట్ట లేని చోటే చూసుకుని వాలతాయి కాబట్టి చేతులకూ మెడకూ డీట్ లాంటి పూత విడిగా ఉండాల్సిందే.

బాటిల్ అడుగున కొంచెం మిగిలింది. దాన్ని వీపు సంచికి వాడాడు, అదీ సంచి మొత్తానికి కాదు. కొండెక్కేటప్పుడు అలుపు తీర్చుకోవడానికి సంచిని గడ్డిలో దించుతాం, లేచాక మళ్ళీ భుజానికెత్తుతాం. అడుగు భాగాన్ని పట్టుకున్న పిడుదు బూటు, మేజోడు, ప్యాంటు అన్నీ దాటేసి నేరుగా వీపు మీదికే చేరుతుంది. అందుకని అడుగు, దాని మీది కుట్లు, కిందికి వేలాడే పట్టీల కొసలు. టెంటు గుమ్మం కింది అంచుకు కూడా కొట్టాలనుకున్నాడు గానీ మందు చాల్లేదు. ప్యాంటు నడుంపట్టీ లోపల మార్కర్‌తో నెల రాసి, ఇంకో బాటిల్ తెమ్మని కొడుకుని షాపుకి పంపాడు.