‘లో’ అన్నచోటల్లా ‘ఇన్’ కాదు

ఇంగ్లీషు బాగా చదువుకున్న తెలుగువారు సైతం వాక్యం రాసేటప్పుడు తడబడేది ప్రిపొజిషన్ల దగ్గర, అంటే నామవాచకానికి ముందు నిలిచి మిగతా వాక్యంతో దానికున్న సంబంధాన్ని తెలిపే ‘ఇన్’, ‘ఆన్’, ‘ఎట్’ వంటి చిన్న మాటల దగ్గర. తెలుగులో ఆ పనిని నామవాచకం వెనుక చేరే విభక్తి ప్రత్యయం చేస్తుంది. బస్సులో, కారులో అని రెండింటికీ ‘లో’ సరిపోతుంది గానీ, ఇంగ్లీషులో లేచి నడవడానికి చోటున్న బస్సుకు, రైలుకు, విమానానికి ‘ఆన్’, ఒదిగి కూర్చోవలసిన కారుకు ‘ఇన్’ వాడతారు. రైలు సమయానికి వచ్చింది, డాక్టరు సమయానికి వచ్చారు అన్నప్పుడు తెలుగు మాట ఒకటే అయినా, టైంటేబుల్ ప్రకారం వచ్చిన రైలుకు ‘ఆన్ టైమ్’ అనీ, పరిస్థితి చేయిదాటకముందే చేరుకున్న డాక్టరుకు ‘ఇన్ టైమ్’ అనీ వేరుచేసి చెప్పాలి.

ప్రత్యయానికి బదులు ప్రిపొజిషన్ పెట్టుకుంటూ పోతే, ‘ఫలానావారితో పెళ్లయింది’ అనే వాక్యం ‘మ్యారీడ్ విత్’గా మారుతుంది, అక్కడ ఉండవలసింది ‘టు’. ప్రిపొజిషన్‌ను నిర్ణయించేది చాలాసార్లు దాని ముందున్న మాటే కనుక, ఆ రెండింటినీ కలిపి ఒకే పదబంధంగా నేర్పడం మేలు. జపాన్‌లో ఇంగ్లీషు బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ, సహచరులతో కలిసి కూర్చి 1942లో టోక్యోలో వెలువరించిన నిఘంటువు, అర్థంతోపాటు క్రియ ఏ నిర్మాణంలో ఇముడుతుందో కూడా చూపింది; అటువంటి నిఘంటువును తిరగేసే అలవాటు చేయకుండా నియమాల పట్టిక వల్లె వేయించడం పిల్లలకు అన్యాయమే.

‘ఎ’, ‘యాన్’, ‘ది’ అనే ఆర్టికల్స్ తెలుగులో లేకపోయినా, వాటి వెనుక ఉన్న భేదం తెలుగుకు కొత్తది కాదు. ‘పుస్తకం కొన్నాడు’ అంటే ఏదో ఒక పుస్తకం అని స్ఫురిస్తుంది. ‘పుస్తకాన్ని కొన్నాడు’ అన్నప్పుడు అది ఇదివరకే మాటల్లోకి వచ్చిన పుస్తకమనే భావం కలగడానికి ఎక్కువ అవకాశం ఉంది, అలా వినేవారికి ముందే తెలిసిన వస్తువుకే ఇంగ్లీషు ‘ది’ చేరుస్తుంది. ఇక ‘ఎ’కూ ‘యాన్’కూ మధ్య ఎంపిక తర్వాతి మాట స్పెల్లింగును కాక ఉచ్చారణను బట్టి ఉంటుంది కాబట్టి, ఆ మాటను తెలుగు లిపిలో రాసుకుంటే సందేహం తీరుతుంది: ‘ఎమ్మెల్యే’, ‘అవర్’ అచ్చుతో మొదలవుతాయి గనుక ‘యాన్’, ‘యూనివర్సిటీ’ యకారంతో మొదలవుతుంది గనుక ‘ఎ’.