దండోరా అందని తండా

ఆరో తరగతి పిల్లలకు గ్రామసభ పాఠం చెప్పేటప్పుడు మేము ఎప్పుడూ ఒకచోట తడబడతాం. ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే అని చెప్పగానే తండా పిల్లవాడొకడు లేస్తాడు. "మా అమ్మ కూడానా సార్?" అంటాడు. అవునంటాం. "మరి ఎప్పుడూ పోలేదే!" అంటాడు. వాడికి జవాబు పుస్తకంలో లేదు.

అనంతపురం మెట్టలో సుగాలి తండా ఊరికి దూరంగా ఏ గుట్ట పక్కనో ఉంటుంది. పంచాయతీ ఆఫీసు ఊళ్ళో ఉంటుంది. దండోరా కూడా ఊళ్ళోనే వేస్తారు. సభ పదిగంటలకంటే, ఆ వేళకు మావాళ్ళు ఉపాధి పనిలోనో మేకల వెంటో ఉంటారు. శెనక్కాయ ఎండిపోయిన ఏడైతే సగం ఇళ్ళకు తాళాలే, మనుషులు బెంగళూరులో ఉంటారు. సభ ముగిశాక రిజిస్టరు మాత్రం తండాకు నడిచి వస్తుంది, వేలిముద్రల కోసం. ఒకసారి మాలో ఒకరు దాన్ని చదివి వినిపిస్తామన్నారు. "అంతా చదివితే పొద్దుపోతుంది సారూ" అని తెచ్చినాయన నవ్వాడు. పట్టుబట్టి చదివితే, బోరు ఊళ్ళో వీధికి రాసి ఉంది. తండా రెండేళ్ళుగా అడుగుతున్న బోరు మాట ఏ పేజీలోనూ లేదు. దాని కిందే మావాళ్ళ వేలిముద్రలు పడాల్సింది.

చట్టంలో మాకు చోటు లేదని కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. జనాభా నిష్పత్తిలో ఎస్టీలకు స్థానాలివ్వాలని 243డి అధికరణ చెబుతుంది. కానీ 2011 లెక్కల్లో ఉమ్మడి జిల్లాలో ఎస్టీలు నూటికి నలుగురి లోపే. పదకొండు మంది వార్డు సభ్యులున్న చోట మావాడు ఒక్కడు కూర్చుంటే పదిమంది మాటకు తలూపడమే పని. వార్డుల గీత తండా మధ్యనుంచి పోతే ఆ ఒక్కడూ ఉండడు. జనాభా లెక్కల్లో రెవెన్యూ గ్రామానికే అంకెలుంటాయి, తండాకు విడిగా ఉండవు. అందుకే గీత ఎటు పోయిందో నిరూపించడమూ కష్టమే.

ఇక ఏకగ్రీవం. 2021 ఫిబ్రవరి ఎన్నికలప్పుడు, పోటీ లేకుండా ఎన్నుకుంటే జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకమని ప్రభుత్వం ప్రకటించింది. ఊరు కలిసిమెలిసి ఉండాలన్న మాట వినడానికి బాగానే ఉంటుంది. ఆ ఒప్పందం ఎవరి అరుగు మీద కుదురుతుందో పల్లెలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ అరుగు మీద తండా మనిషి కూర్చున్నది మేము చూడలేదు. నిలబడింది చూశాం.

కమిటీల కథా ఇంతే. 2014 తర్వాత జన్మభూమి కమిటీలు వచ్చాయి. 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్ళకొక వాలంటీరు వచ్చాడు. పింఛను ఇంటికి తెచ్చిన పిల్లవాడిని మేము తప్పుపట్టం. మా ముసలివాళ్ళు అతన్ని దీవించారు కూడా. కానీ కమిటీలోకి సామాజిక కార్యకర్తలనైనా, వాలంటీరునైనా పైవాళ్ళే పెట్టారు. తండా ఎన్నుకోనూ లేదు, దించనూ లేదు. ఇద్దరూ పైనుంచి కిందికి తెచ్చేవాళ్ళే. తండా మాటను పైకి మోసుకుపోయే పని ఎవరికీ అప్పగించలేదు.

పక్క రాష్ట్రాల్లో ఏం చేశారో చూద్దాం. తెలంగాణ 2018 చట్టంతో 500 జనాభా గల తండాలెన్నో పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో మనవాళ్ళే సర్పంచులయ్యారు. గొప్ప మార్పే, కాదనం. అయితే నిధులు ఎక్కువగా జనాభా లెక్కన పంచుతారు కాబట్టి చిన్న తండాకు వచ్చేది కొంచెమే. కర్ణాటక దారి వేరు. అక్కడ తండాలను రెవెన్యూ గ్రామాలుగా గుర్తించి, 2023 జనవరి 19న కలబురగి జిల్లా మాళఖేడ్‌లో యాభై వేలకు పైగా కుటుంబాలకు ఇళ్ళ హక్కుపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంటి కింద నేల దక్కింది. సభలో నోరు ఇంకా దక్కాలి.

మాకు కావలసింది ఇంకొకటి ఉంది. 1996 పెసా చట్టం ప్రకారం ఒక్క ఆవాసం కూడా గ్రామమే కావచ్చు, దానికి సొంత గ్రామసభ ఉంటుంది. అది ఐదో షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తుంది. రాయలసీమలో అలాంటి ప్రాంతం ఒక్కటీ లేదు. అరకులో ఆదివాసి తన ఆవాసంలో కూర్చుని తీర్మానం చేయగలిగితే, గుత్తి దగ్గర సుగాలి ఎందుకు చేయకూడదు? గ్రామసభ అధికారాలను 243ఎ అధికరణ రాష్ట్ర శాసనసభకే వదిలింది. పంచాయతీ విడగొట్టకపోయినా, తండాలోనే సభ పెట్టాలని, తండాకు సంబంధించిన పని ఆ సభ ఒప్పుకుంటేనే సాగాలని రాష్ట్రం రాసుకోవచ్చు. ఢిల్లీ దాకా పోవలసిన పని కాదిది.

మాలో లోపమూ చెప్పుకోవాలి. మన నాయక్, కార్భారి కూర్చునే పంచాయితీలో ఆడవాళ్ళు గోడ పక్కన నిలబడి విన్నవాళ్ళే. ఊరు మనల్ని నిలబెట్టిందని కోపగించుకునే మనం మన అమ్మల్ని నిలబెట్టాం. తండాకు సభ వస్తే అది నాయక్ ఇంటి ముందే జరిగి, నాయక్ కొడుకే మాట్లాడేటట్టయితే మా పిల్లవాడి ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

చట్టం మారేదాకా ఒక పని మన చేతుల్లో ఉంది. గ్రామసభ తీర్మానాల నకలు సమాచార హక్కు కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఇచ్చే అర్జీకి ఫీజు లేదు. తెల్లకాగితం చాలు. మా బడిలో పదో తరగతి పిల్లలు లేఖారచనలో భాగంగా ఆ అర్జీ రాయడం నేర్చుకుంటున్నారు. నకలు వచ్చాక తండాలోనే, సాయంత్రం మేకలు ఇంటికొచ్చాక, పైకి చదివిస్తాం. పొద్దుపోతే పోనీ.