మనిషి కదలని వలస: గ్లోబోటిక్స్ సిద్ధాంతానికి కౌలాలంపూర్ వేసే ప్రశ్న

అంతర్జాతీయ వాణిజ్య ఆర్థికవేత్త రిచర్డ్ బాల్డ్విన్ 2019లో వెలువరించిన ‘ది గ్లోబోటిక్స్ అప్‌హీవల్’ ప్రధానంగా సంపన్న దేశాల కార్యాలయ ఉద్యోగులను దృష్టిలో పెట్టుకొని రాసిన పుస్తకం. గ్లోబలైజేషన్, రోబోటిక్స్ అన్న రెండు మాటలను అతికించి చేసిన పదం గ్లోబోటిక్స్. గుమాస్తా పనులను నేర్చుకుంటున్న సాఫ్ట్‌వేర్ ఒకవైపు, దూరదేశంలో కూర్చొని సంపన్న దేశపు కార్యాలయంలో పనిచేసే నిపుణులు మరొకవైపు, ఒకేసారి అక్కడి ఉద్యోగాలను ఒరుసుకుపోతాయని ఆయన వాదన. రెండోదాన్ని ఆయన టెలిమైగ్రేషన్ అన్నారు. తెలుగులో దూరవలస అనుకోవచ్చు.

మరుసటి ఏడు రికార్డ్ ఫోర్స్‌లిడ్‌తో కలిసి రాసిన పరిశోధన పత్రంలో బాల్డ్విన్ దృష్టి వర్ధమాన దేశాల వైపు మళ్ళింది. కర్మాగారాలకు మనుషుల అవసరం తీరిపోయి, సేవలు స్వేచ్ఛగా ఎల్లలు దాటే రోజు వస్తే, అభివృద్ధి మార్గం చైనాను కాక భారతదేశాన్ని పోలి ఉంటుందన్నది ఆ పత్రం సారాంశం. ఇది ఊహాప్రయోగమేనని రచయితలే చెప్పుకొన్నారు. అయితే సేవలే భవిష్యత్తన్న ఊహను దాదాపు పాతికేళ్ళ ముందే ప్రభుత్వ విధానంగా మలచుకొన్న నగరం కౌలాలంపూర్. సిద్ధాంతాన్ని పరీక్షించడానికి అంతకంటే తగిన చోటు అరుదు.

1996లో మహతీర్ మొహమ్మద్ ప్రభుత్వం ప్రారంభించిన మల్టీమీడియా సూపర్ కారిడార్, పెట్రొనాస్ జంట గోపురాల నుండి కొత్త విమానాశ్రయం దాకా 50 కిలోమీటర్ల పొడవున, 15 కిలోమీటర్ల వెడల్పున పరుచుకొంది. అక్కడికి వచ్చే సంస్థలకు ప్రభుత్వం పది హామీలు ఇచ్చింది. విదేశీ నిపుణులను పరిమితి లేకుండా నియమించుకోవచ్చునన్నది వాటిలో ఒకటి. ఈ చరిత్ర తెలుగువారికి పరాయిది కాదు. హైదరాబాదులో హైటెక్ సిటీ 1998లో ప్రారంభమైంది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ ‘విజన్ 2020’ పేరులోనూ ఆశయంలోనూ మహతీర్ 1991లో ప్రకటించిన ‘విజన్ 2020’నే తలపిస్తుంది.

బాల్డ్విన్ వాదంలోని మొదటి లోపం, శ్రమను శరీరం నుండి విడదీయడాన్ని కేవలం ఖర్చు తగ్గే విషయంగా చూడటం. 1995లో అమలులోకి వచ్చిన సేవల వాణిజ్య సాధారణ ఒప్పందం సేవల సరఫరాకు నాలుగు రీతులను గుర్తించింది. మొదటి రీతిలో సేవ మాత్రమే ఎల్ల దాటుతుంది. నాలుగో రీతిలో మనిషే దాటుతాడు. అర్థశాస్త్రం ఈ రెంటినీ ఒకే వ్యాపారానికి రెండు దారులుగా చూడవచ్చు. చట్టానికి అవి ఒకటి కావు.

2003 మార్చి 9న కౌలాలంపూర్‌లోని బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఒక నివాస సముదాయంపై పోలీసులు దాడి చేసి సుమారు 270 మంది భారతీయులను అదుపులోకి తీసుకొన్నారు. వారిలో అధికులు ఐటీ నిపుణులు. పరిమితి లేని నియామకాల హామీ పోలీసు తనిఖీ ముందు నిలవలేదు. కానీ ఆ ఘటనకు మరో పార్శ్వం ఉంది: భారత ప్రభుత్వం తీవ్ర నిరసన తెలిపింది. మనిషి అక్కడ ఉన్నాడు గనుకనే అతని పక్షాన అడగడానికి ఒక రాయబార కార్యాలయం ఉంది. దూరవలసలో ఉన్నవాడిని ఏ పోలీసూ పట్టుకోడు. కానీ ఒక ఈమెయిలుతో అతని పని ముగిసిపోతే, ఏ దేశపు కార్మిక చట్టం కింద ఎవరిని అడగాలన్న ప్రశ్నకు జవాబు దొరకడం కష్టం. మిగిలిన ఖర్చులో కొంత భాగం, నిజానికి, పోయిన హక్కు.

రెండో లోపం ఇంకా లోతైనది. యంత్రాన్నీ దూరవలసనూ బాల్డ్విన్ కవలలుగా జతకట్టారు. కౌలాలంపూర్, సైబర్‌జయల నుండి చూస్తే అవి ఒకదానికొకటి పోటీ. ఒక పని దూరం వెళ్ళాలంటే దాన్ని ముందు మెట్లుగా విడగొట్టి, నియమాలుగా రాసి, తెరమీదికి ఎక్కించాలి. ఇన్‌వాయిస్‌ల చెల్లింపు, జీతాల లెక్కలు, వినియోగదారుల ఫిర్యాదులు అలా చేరినవే. యంత్రానికి అప్పగించడానికి కావలసిన సన్నాహమూ సరిగ్గా అదే. మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషు ఒకే చోట దొరకడం కౌలాలంపూర్‌కు ఉన్న బలం. యంత్రానువాదం దూరవలసకు తలుపులు తెరుస్తుందని బాల్డ్విన్ అంటారు. ఆ యంత్రానువాదమే ఈ నగరపు బలానికి గండి కొట్టగలదని అనరు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ 220 కోట్ల డాలర్లు, గూగుల్ 200 కోట్ల డాలర్లు మలేషియాలో పెడతామని ప్రకటించాయి. వాటితోపాటు శిక్షణ పథకాలున్న మాట నిజమే. అయినా డేటా సెంటర్‌కు కావలసింది ముఖ్యంగా భూమి, విద్యుత్తు, నీరు; మనుషులు కొద్దిమందే.

ఉద్యోగాలను కాక ఉద్యోగులను కాపాడాలన్న బాల్డ్విన్ సూచన మంచిదే. కాని అందుకు పన్ను వసూలు చేసే ప్రభుత్వమూ, లాభం పొందిన యజమానీ ఒకే దేశంలో ఉండాలి. దూరవలసలో లేనిది అదే. విదేశీ డిజిటల్ సేవలపై మలేషియా 2020 నుండి పన్ను వేస్తోంది. 2024 మార్చిలో దాన్ని 6 నుండి 8 శాతానికి పెంచింది. సేవను కొనే దేశానికి పన్ను ఉంది. సేవను అమ్మే చోట పని పోయిన మనిషికి ఆ పన్నులో వాటా లేదు.

ఈ నేలకు ఇటువంటి లెక్క కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుండి ఉత్తరాంధ్ర తీరపు కూలీలు మలయా తోటలకు వెళ్ళారు. కంగాణీల ద్వారా సాగిన వలసను 1938లో భారత ప్రభుత్వం నిషేధించింది. కారిడార్‌లో భాగమైన పుత్రజయ నగరం ప్రాంగ్ బెసార్ అనే ఎస్టేటు మీద లేచింది. అక్కడి భారత సంతతి కార్మిక కుటుంబాలు డెంగ్కిల్ ఫ్లాట్లకు తరలవలసి వచ్చింది. పంట మారినప్పుడు నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న అప్పుడూ వచ్చింది. మనిషి కదలని వలసను అభివృద్ధి మార్గంగా ప్రతిపాదించే సిద్ధాంతం ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంది. బాల్డ్విన్ గ్రంథం చదవదగ్గదే. అందులో ఆ అధ్యాయం మాత్రం ఇంకా రాయవలసే ఉంది.