ఆయువుపట్టు – కీలకావయవం: అర్థభేద పరిశీలన

ప్రాణం నిలవడానికి తప్పనిసరైన శరీరభాగాలను చెప్పడానికి నేటి తెలుగులో ‘కీలకావయవాలు’ అనే మాట స్థిరపడింది. పాత మాటలైన ‘మర్మం’, ‘ఆయువుపట్టు’ దీనికి పర్యాయాలుగా కనిపించినా, వ్యుత్పత్తిని పరిశీలిస్తే మూడింటి దృష్టీ వేరు.

మర్మశబ్దాన్ని మరణార్థకమైన ‘మృ’ ధాతువుతో ముడిపెట్టడం సంప్రదాయం. సుశ్రుతసంహిత శారీరస్థానంలోని ఆరవ అధ్యాయం 107 మర్మాలను వివరించింది. మాంస, సిరా, స్నాయు, అస్థి, సంధులు కూడేచోటు మర్మం. వెంటనే ప్రాణం తీసేవి 19, కొంతకాలానికి తీసేవి 33. హృదయం, వస్తి మొదటి వర్గానికి చెందినవి. అంటే అవయవాన్ని దాని పనినిబట్టి కాక, గాయపడితే కలిగే ఫలితాన్నిబట్టి చూసిన పదమిది. ‘మర్మం’ రహస్యార్థంలో, ‘మర్మాంగం’ జననేంద్రియార్థంలో స్థిరపడటంతో నేటి వాడుకలో ఈ వైద్యార్థం మరుగునపడింది.

‘ఆయువుపట్టు’ మిశ్రసమాసం. పూర్వపదం సంస్కృత ‘ఆయుస్’ నుంచి వచ్చింది, ఉత్తరపదం తెలుగు. ‘పట్టు’కు పట్టుకోవడం, చోటు అనే రెండర్థాలూ ఉన్నాయి. ‘ఆయువుపట్టు మీద కొట్టాడు’ అన్నప్పుడు అది బలహీనస్థానం. ‘గుంటూరు, ప్రకాశం మైదానాలకు పత్తి, మిరప ఆయువుపట్టు’ అన్నప్పుడు అది ఆధారం. ఇవి పరస్పర విరుద్ధాలు కావు. పైరుకు తెగులు సోకినా, యార్డులో ధర పడిపోయినా ఆ ఆధారమే బలహీనస్థానమవుతుంది. బతుకు దేనిమీద నిలిచిందో, దెబ్బ తగలకూడనిదీ అదే.

‘కీలక’ శబ్దానికి మూలం మేకు, సీల అనే అర్థంగల ‘కీలం’. నేడది ప్రాధాన్యాన్ని మాత్రమే చెబుతుంది. సమావేశమూ కీలకమే, సాక్షీ కీలకమే. అందువల్ల ‘కీలకావయవాలు దెబ్బతిన్నాయి’ అనే ఆసుపత్రి వాక్యంలో ప్రాణాపాయసూచన పలచబడుతుంది. పురుగుమందుల వాడకం ఎక్కువగా ఉన్న ఈ మైదానాల్లో ఇది కేవలం శైలికి సంబంధించిన చర్చ కాదు. మోనోక్రోటోఫాస్ వంటి మందు ఒంటిమీద గాయం చేయదు. నాడీవ్యవస్థను దెబ్బతీసి శ్వాసనే ఆపగలదు. పైకి కనిపించని అపాయాన్ని బంధువులకు తెలియజేయవలసింది మాటే.

అయితే ‘ఆయువుపట్టు’ స్థానవాచి. అవయవవర్గానికి పేరుగా ఒదగదు. గుండెమార్పిడిని ఆయువుపట్టు మార్పిడి అనలేం. కాబట్టి శాస్త్రగ్రంథాల్లో ‘కీలకావయవం’ ఉండదగినదే. రోగి బంధువులతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘ఆయువుపట్టు’ తోడు కావాలి. నిఘంటువులు దాని ఆధారార్థాన్నీ, అపాయార్థాన్నీ వేర్వేరుగా చూపి, రెండింటి సంబంధాన్ని వివరించాలి.