రెండో గోల్‌కీపర్

ఒలింపిక్ హాకీ జట్టులో చోటు పదహారు మందికే. 2016 రియో, 2021లో జరిగిన టోక్యో, ఈ రెండు పోటీలకూ భారత మహిళల జట్టు గోల్‌కీపర్‌కి ఒక్క చోటే కేటాయించింది. రెండుసార్లూ అది హర్యానా అమ్మాయి సవిత పూనియాకే దక్కింది. రెండుసార్లూ రిజర్వు గోల్‌కీపర్‌గా ఉన్నది మన రాయలసీమ పిల్ల, అప్పటి చిత్తూరు జిల్లా యర్రావారిపాలెం మండలం నుంచి వెళ్లిన ఎతిమరపు రజని. వడ్రంగి ఇంట పుట్టి, సర్కారు బడిలో కర్ర పట్టి, జాతీయ శిబిరం దాకా ఎదిగింది. ఒలింపిక్స్‌లో మాత్రం ఆడే అవకాశం రాలేదు.

ఈ సంగతి వినగానే ‘అయ్యో పాపం’ అంటారు చాలామంది. ఆ జాలి అక్కర్లేదని నా అభిప్రాయం. గోల్‌కీపింగ్ ఎలాంటి విద్యో, అందులో రెండో మనిషి పని ఏమిటో తెలిస్తే రజని లెక్క వేరేగా వేస్తాం.

గోల్ వెడల్పు 3.66 మీటర్లు, ఎత్తు 2.14. బంతి బరువు దాదాపు 160 గ్రాములు. ఎదుటివాళ్లు షాట్ కొట్టాలంటే గోల్ ముందున్న అర్ధవృత్తంలోకి రావాలి. దాని అంచు గోల్‌కి 14.63 మీటర్ల దూరం. అక్కణ్నుంచి గంటకు వంద కిలోమీటర్ల వేగంతో బంతి వచ్చిందంటే కీపర్‌కి మిగిలేది అర సెకను. అర సెకనులో చూసి, ఆలోచించి, కదలడం మహా కష్టం. అందుకే ఈ విద్యలో సగం బంతి రాకముందే అయిపోతుంది.

మొదటిది నిలబడే చోటు. గోల్ గీత మీదే ఉండిపోతే రెండు పక్కలా బోలెడు ఖాళీ. రెండడుగులు ముందుకొస్తే కొట్టేవాళ్ల కంటికి ఆ ఖాళీ చిక్కిపోతుంది. మరీ ముందుకొస్తే పక్కకి తప్పించుకుని పోతారు. ఎంత ముందుకు రావాలన్నది బంతి ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో చూసి క్షణక్షణం మార్చుకోవాలి. మోకాళ్లు కొద్దిగా వంచి, మడమలు నేలకి ఆనీ ఆననట్టు ఉంచి, ఒళ్లు కాస్త ముందుకు తూగాలి. వెనక్కి వాలి నిలబడ్డ కీపర్ అప్పటికే సగం ఓడినట్టు.

రెండోది కాలు. బూటు మీద తొడిగే దట్టమైన ఫోమ్ దిమ్మెని కిక్కర్ అంటారు. పట్టీలతో పాదానికి బిగిస్తారు. మోకాలి పైదాకా ప్యాడ్లు, ఛాతీకి కవచం, మెడకి రక్షణ, హెల్మెట్, ఎడమ చేతికి పలకలాంటి గ్లవ్, కుడిచేతి గ్లవ్‌తోనే కర్ర. బంతిని ఆపడం ఒక్కటే చాలదు. ఫోమ్‌కి తగిలిన బంతి అంతే జోరుగా తిరిగి ఎగురుతుంది, నేరుగా ముందుకి పోతే అక్కడ కాచుకున్న ఫార్వర్డ్ చల్లగా లోపలికి తోసేస్తుంది. కాబట్టి తగిలే క్షణంలో పాదం లోపలి అంచుని తిప్పి బంతిని పక్కగీత వైపు పంపాలి. కాలు ఊపి తన్నితే ఎటు పోతుందో దేవుడికే ఎరుక. కోచ్‌లు కొత్త కీపర్ల చేత రోజుకి వందలసార్లు చేయించేది ఈ ఒక్క పనే. చూసేవాళ్లకి విసుగు పుడుతుంది. చేసేవాళ్లకి పుట్టకూడదు.

అసలు పరీక్ష పెనాల్టీ కార్నర్. కీపర్‌తో కలిపి అయిదుగురు గోల్ గీత వెనక నిలబడతారు. పక్కనుంచి బంతిని వృత్తం బయటికి తోస్తారు, అక్కడ ఒకరు ఆపుతారు, ఇంకొకరు కొడతారు. ఇక్కడ నియమంలోనే కీపర్‌కి ఒక ఆచూకీ దొరుకుతుంది. బలంగా బాదే తొలి షాట్ 46 సెంటీమీటర్ల ఎత్తు దాటకుండా గోల్‌లోకి పోవాలి. ఈడ్చి విసిరే డ్రాగ్ ఫ్లిక్‌కి ఆ హద్దు లేదు, ఏ మూలకైనా పోవచ్చు. కర్ర వెనక్కి పైకి లేచిందా, బాదబోతోందన్నమాట, దుంగలా అడ్డంగా పడుకోవాలి. కర్ర నేలని రాస్తూ బంతిని ఈడ్చుకొస్తోందా, పడుకోకుండా నిలబడాలి. ఒక మూలకి ముందుకి ఉరికే రన్నర్ అడ్డం, రెండో మూల నాది అని కీపర్ ముందే మాట్లాడుకుని ఉండాలి. ఇదంతా ఒక్క ఊపిరిలో జరిగిపోవాలి.

ఇక గొంతు. మైదానం మొత్తం కనబడేది కీపర్ ఒక్కరికే. ఎవరు ఖాళీగా ఉన్నారో, ఎవరు పక్కకి జరగాలో అరిచి చెప్పాలి. జాతీయ జట్టులో ఆ అరుపులు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. తెలుగు బడిలో చదివిన పిల్లకి అదీ నేర్వాల్సిన విద్యే.

మన దేశంలో ఈ పనికి మంచి వంశావళే ఉంది. శంకర్ లక్ష్మణ్ 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో గోల్ కాచి, 1966 ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా స్వర్ణం తెచ్చాడు. ముఖానికి కవచం లేని రోజులవి. తర్వాత 2016 రియోలో పురుషుల జట్టుకి గోల్‌కీపర్ శ్రీజేష్ కెప్టెన్. ఆడవాళ్లలో సవిత ఆ బాధ్యత మోసింది. ఆ వరసలో రజని పేరు కూడా ఉంది. 2024 జనవరిలో మస్కట్‌లో జరిగిన హాకీ5ఎస్ ప్రపంచకప్‌లో భారత మహిళల జట్టుకి కెప్టెన్ ఆమే.

హాకీ5ఎస్ అంటే నలుగురు ఆటగాళ్లు, ఒక కీపర్. మైదానం చిన్నది, చుట్టూ పలకలు, వాటికి తగిలి బంతి వెనక్కి వస్తుంది. గోల్‌కి ఎక్కడినుంచైనా కొట్టొచ్చు. వృత్తంలోకి వచ్చాక చూద్దాంలే అనుకునే వీలు లేదు. కీపర్‌కి నిజంగా ఊపిరాడని ఆట ఇది. అక్కడ మన జట్టు క్వార్టర్ ఫైనల్లో న్యూజిలాండ్‌ని, సెమీస్‌లో దక్షిణాఫ్రికాని ఓడించింది. ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 7-2తో ఓడి రజతం తెచ్చుకుంది. ఏడు గోల్స్ పడ్డాయని చిన్నబుచ్చే వాళ్లకి ఒకటే జవాబు. ప్రపంచకప్ ఫైనల్ ఆడిన జట్టుకి నాయకురాలు మన సీమ అమ్మాయి.

మళ్లీ రెండో కీపర్ దగ్గరికి వద్దాం. టోక్యో క్వార్టర్ ఫైనల్లో గుర్జీత్ కౌర్ డ్రాగ్ ఫ్లిక్‌తో ఆస్ట్రేలియాని 1-0తో ఓడించాం. సవిత ఆ రోజు గోడ కట్టింది. దేశమంతా ఆ ఇద్దరి పేర్లే చెప్పుకుంది, చెప్పుకోవాల్సిందే. అయితే డ్రాగ్ ఫ్లిక్ గాలిలోంచి ఊడిపడదు. ఎదురుగా ఒక మంచి కీపర్ నిలబడి ఆపుతూ ఉంటేనే అది పదునెక్కుతుంది. మొదటి కీపర్ అలిసిపోతే నిలబడేది, తన స్థానం గట్టిదే అనుకుని ఆమె నిద్రపోకుండా చూసేది రెండో కీపరే. 2017లో ఆసియా కప్ గెలిచిన జట్టులో, 2018లో లండన్ ప్రపంచకప్ ఆడిన, ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్లలో రజని ఉంది. ఆడిన నిమిషాలు తక్కువ కావచ్చు. సిద్ధంగా ఉన్న ఏళ్లు తక్కువ కావు. టోక్యో నుంచి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల నగదు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. రిజర్వుకి ఎందుకని ఎవరూ అడగకపోవడం నాకు నచ్చింది.

గోల్‌కీపింగ్ మాటకొస్తే, హాకీకి మంచు చెల్లెలు ఒకటుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే నంద్యాల, ఆళ్లగడ్డల వాళ్లకి ఐస్ హాకీ వింతే. కానీ లద్దాఖ్ అమ్మాయిలు గడ్డకట్టిన చెరువుల మీద నేర్చుకుని, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద మొదటి విజయం సాధించారు. 2025 ఆసియా కప్‌లో కాంస్యం తెచ్చారు. భారత మహిళల ఐస్ హాకీ జట్టుకి గోల్ కాచిన నూర్ జహాన్ వృత్తిరీత్యా బట్ట మీద వేసిన పాత బౌద్ధ చిత్రాలని (తంకాలని), గోడబొమ్మలని బాగుచేసే నిపుణురాలు. అక్కడ పక్ బరువు కూడా హాకీ బంతికి అటూ ఇటూగా అంతే. గోల్ మాత్రం చిన్నది, 1.83 మీటర్ల వెడల్పు. అక్కడి కీపర్ పక్‌ని గ్లవ్‌లో పట్టి ఆట ఆపేయొచ్చు. మన కీపర్‌కి ఆ సుఖం లేదు. పట్టకూడదు, మీద పడుకుని దాచకూడదు, పంపించాల్సిందే. నన్నడిగితే మన పనే కష్టం.

ఇప్పుడు మన బడుల సంగతి. రాయలసీమలో హాకీకి నేల కొత్త కాదు, అనంతపురంలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ వాళ్లు ఏళ్లుగా నేర్పుతున్నారు. కర్రలు, బంతులు ఎలాగో సమకూరుతాయి. కీపర్ సామాను ఖరీదెక్కువ కాబట్టి అక్కడే చేతులెత్తేస్తారు. ఎవరో ఒక పిల్లకి పాత క్రికెట్ ప్యాడ్లు కట్టి, పోయి నిలబడమంటారు. హెల్మెట్ ఉండదు, కిక్కర్లు ఉండవు. బంతి తగిలి ఆ పిల్ల భయపడుతుంది, మర్నాటి నుంచి గ్రౌండుకి రాదు. కృత్రిమ పచ్చిక మైదానం (ఆస్ట్రోటర్ఫ్) వచ్చినప్పుడు వస్తుంది. అందాకా హాకీ ఆడే ప్రతి బడికీ పూర్తి కీపర్ కిట్ ఒకటి కొనిపెట్టండి. పూర్వ విద్యార్థులు, ఊరి పెద్దలు, దాతలు తలా కొంత వేసుకుంటే అయిపోయే పని. వీలైతే రెండు కొనండి, రెండో కీపర్‌కి కూడా.