అతుకుల బొంత అనే ముందు

రెండేళ్ళ కిందట ఒక నవల గురించి రాస్తూ "చివరికిది అతుకుల బొంతగా మిగిలింది" అని తేల్చేశాను. ఆ మాట రాసేటప్పుడు రెండోసారి ఆలోచించలేదు. తెలుగులో సమీక్షలు రాసేవాళ్ళకి అది ఇట్టే చేతికందే తిట్టు. కథలో సంఘటనలు ఒకదానితో ఒకటి కలవకపోతే అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం నడిపితే అతుకుల బొంత. ఆఫీసులో నలుగురు నాలుగు రకాలుగా రాసిపోయిన కోడ్‌ని కలిపి ఎలాగో నెట్టుకొస్తుంటే అదీ అతుకుల బొంతే.

తమాషా ఏమిటంటే, ఆ వాక్యం రాసి పడుకున్న రాత్రి నేను కప్పుకున్నది నిజమైన అతుకుల బొంత. జూపాడు బంగ్లాలో మా అవ్వ కుట్టింది. నాకంటే వయసులో పెద్దది. ఒక మూల తప్ప ఇంతవరకు ఎక్కడా చిరగలేదు, ఒక్క అతుకూ ఊడలేదు. అతుకులు ఊడిపోయిన నవలకి అతుకులు ఊడని వస్తువు పేరు పెట్టానన్నమాట. ఆ తప్పు ఎక్కడ జరిగిందో చూసుకోవడానికే ఈ నాలుగు మాటలు.

జూపాడు బంగ్లా నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో వస్తుంది. 2022 దాకా కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. శ్రీశైలం జలాశయం నీళ్ళు సీమ కాలువల్లోకి మళ్ళే పోతిరెడ్డిపాడు ఈ మండలంలోదే కాబట్టి, వార్తల్లో ఈ పేరు వినిపించేది నీళ్ళ గొడవలప్పుడే. బొంతల కోసం ఎవరూ ఇక్కడికి రారు. సీమ పల్లెల్లో కుట్టినట్టే ఇక్కడా కుట్టారు. పొలం పని లేని ఎండాకాలం మధ్యాహ్నాల్లో పాత నూలు చీర నేల మీద పరిచి, నాలుగు మూలలా బరువు పెడతారు. దాని మీద చిరిగిన పంచెలు, తువ్వాళ్ళు సర్దుతారు. పైన, ఇంకా గట్టిగా ఉన్న చీర ముక్కలు పేరుస్తారు. అంచులు లోపలికి మడిచి, పెద్ద సూదితో పొరలన్నీ కలిసేలా వరసలు వరసలుగా కుట్టుకుంటూ వస్తారు.

మా అవ్వ బొంతలో నీలం గళ్ళ చీర ఉంది, ఇటుక రంగు చీర ఉంది. మధ్యలో తాత పంచె, తెలుపు పోయి గంధం రంగుకి తిరిగింది. ఒక పక్క మాత్రమే నిలువునా ఎర్ర అంచు. రెండో పక్క ఏమీ లేదు. ఆ ఒంటి అంచు వల్లే బొంత మొత్తానికి ఒక బిగువు వచ్చిందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తీసేసి ఊహించుకుంటే చప్పబడిపోతుంది. మా పెద్దమ్మని అడిగాను, అవ్వ ఎర్ర అంచు ఒక్క పక్కే ఎందుకు వేసిందని. "ఇంగో పక్కకు సాల్లేదు నాయనా" అంది.

సరిపోలేదు కాబట్టి వచ్చిన అందాన్ని కళ అనవచ్చా?

ఈ ప్రశ్న మీద అమెరికాలో యాభై ఏళ్ళుగా గొడవ నడుస్తోంది. 1971లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం సుమారు 60 పాత క్విల్టులని గోడలకి వేలాడదీసింది. మంచం మీద కాకుండా గోడ మీద, నిలువుగా, నైరూప్య చిత్రాల్లా. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. కానీ ఎంచుకున్నవాళ్ళు చూసింది రంగులూ ఆకారాలే. కుట్టిన ఆడవాళ్ళెవరన్నది వెనక్కి పోయింది. 2002లో అలబామాలోని గీస్ బెండ్ అనే నల్లజాతి రైతుల పల్లె క్విల్టులు మొదట హ్యూస్టన్‌లో, తర్వాత అదే విట్నీలో ప్రదర్శించారు. ఈసారి పేర్లు చెప్పారు, అది పెద్ద మార్పు. అయినా మెచ్చుకున్నవాళ్ళలో చాలామంది మతీస్‌నో క్లేనో తోడు తెచ్చుకున్నారు. పెద్ద చిత్రకారుడిలా ఉంది అంటే తప్ప మనకి బాగుందనడం చేతకాదు కాబోలు.

ఆ గీస్ బెండ్ క్విల్టుల్లో నన్ను పట్టుకున్నది మిజూరి పెట్‌వే 1942లో కుట్టినది. భర్త చనిపోయాక అతని పని బట్టలు కోసి, పక్కన కూచోబెట్టుకున్న కూతురి సాయంతో కుట్టింది. వెలిసిన నీలాలు, బూడిద రంగులు, గోధుమ రంగు. మనిషి గుర్తుండాలి, కప్పుకోవాలి, రెండూ ఒకే గుడ్డతో జరగాలి. దాన్ని నైరూప్య చిత్రంగా చూడటం తప్పు కాదు, సగం చూడటం. వెలిసిన నీలం అక్కడ ఎంచుకున్న రంగు కాదు, ఎండలో ఒక మనిషి ఎన్నేళ్ళు వంగి పని చేశాడో చెప్పే లెక్క. గుడ్డ ముందే కొంత రాసుకుని వస్తుంది. కుట్టే మనిషి దాన్ని ఎక్కడ పెట్టాలో తేలుస్తుంది. సరిపోకపోతే ఎక్కడ ఆపాలో కూడా తేలుస్తుంది. మా అవ్వకి ఎర్ర అంచు సాలకపోవడం నిజమే. కానీ ఉన్న ముక్కని రెండుగా కోసి రెండు పక్కలా సగం సగం వేయొచ్చు. వేయలేదు. ఆ నిర్ణయం ఆవిడదే.

క్విల్టుని తెలిసి తెలిసి కళగా చేసినవాళ్ళ దారి వేరు. 1979లో ఒహాయోలో క్విల్ట్ నేషనల్ అనే ప్రదర్శన మొదలయ్యాక మంచానికి సంబంధం లేని క్విల్టులకి ఒక వేదిక దొరికింది. వాళ్ళ దగ్గర కూడా ప్రేరణ అన్నది గాల్లోంచి ఊడిపడదు. ఫెయిత్ రింగ్‌గోల్డ్ మొదట చిత్రకారిణి. 1972లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో గుడ్డ అంచులున్న టిబెట్ థంకాలు చూసి, తన బొమ్మలకీ చెక్క ఫ్రేములు మానేసి గుడ్డ అంచులు వేసింది. చుట్టేసి మోసుకెళ్ళడం తేలిక. 1980లో దుస్తులు కుట్టే వృత్తిలో ఉన్న తల్లి విల్లీ పోజీతో కలిసి మొదటి క్విల్ట్ చేసింది. తన ఆత్మకథ అచ్చువేసేవాళ్ళు దొరక్కపోతే కథలని క్విల్టుల మీదే రాసింది. 1988 నాటి 'టార్ బీచ్' అలాంటి కథల క్విల్టే. బరువు, చోటు, డబ్బు, తల్లి చేతి పని: ఆమెకి ప్రేరణలు ఇవి. మా పెద్దమ్మ చెప్పిన "సాల్లేదు"కి ఇదేమంత దూరం కాదు.

ఇదంతా చదివిన ఉత్సాహంతో కిందటేడు నేనూ ఒకటి మొదలుపెట్టాను. లాప్‌టాప్‌లో ఎనిమిది ఇంటూ ఎనిమిది గళ్ళు గీసి, ఏ గడిలో ఏ రంగు రావాలో చిన్న ప్రోగ్రామ్‌తో తేల్చాను. కొత్త చేనేత గుడ్డ కొన్నాను, పాత జీన్స్ కోశాను, అమ్మ పాలిస్టర్ చీర ఒకటి అడిగి తెచ్చుకున్నాను. స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. సూది పట్టాక పాలిస్టర్ జారిపోయింది. ఏటవాలుగా కత్తిరించిన ముక్కలు సాగిపోయి చతురస్రాలు వంకర్లు తిరిగాయి. మొదటి ఉతుకుడికి చేనేత కుంచించుకుపోయింది, జీన్స్ అలాగే ఉంది, మధ్యలో కుట్లు గుంజుకుపోయి బుడిపెలు లేచాయి. ఎర్ర రంగు కారి తెల్లగళ్ళన్నీ గులాబీ అయ్యాయి.

పెద్దమ్మకి ఫొటో పంపితే ఫోన్ చేసి చాలాసేపు నవ్వింది. "కొత్త గుడ్డ మాట ఇనదురా" అంది. ఎంత సాంకేతికమైన మాటో తర్వాత అర్థమైంది. పదేళ్ళు ఉతికిన నూలు చీర కుంచించుకోవలసినంత కుంచించుకుంది, కారాల్సిన రంగు కారిపోయింది, మెత్తబడింది. పొరలన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయి. అందుకే బొంత చదునుగా పడుకుంటుంది. మేం పేదరికం అనుకునే పాతగుడ్డ, పనితనం లెక్కన సరైన ముడిసరుకు.

రెండోది చిన్నది కుట్టాను, పసిపిల్లల బొంతంత. ఈసారి ప్లాన్ లేదు. పక్క రాష్ట్రం ఉత్తర కన్నడలో సిద్దీ ఆడవాళ్ళు కవంద్ కుట్టే పద్ధతి అరువు తెచ్చుకున్నాను. వాళ్ళు ముక్కలన్నీ ముందు కలిపి తర్వాత పొరలు కుట్టరు. కింద చీర పరిచి, అంచు దగ్గర మొదలుపెట్టి, ముక్క పెట్టడం కుట్టడం రెండూ ఒకేసారి చేసుకుంటూ చుట్టూ తిరిగి మధ్యకి వస్తారు. ముక్క వేశాక గాని పక్కన ఏం రావాలో తెలియదు. మూలల్లో పువ్వు అని చిన్న త్రికోణాలు పెడతారు, అవి లేకపోతే పని పూర్తయినట్టు కాదు. నాది వంకరగానే వచ్చింది. కానీ ఉతికితే విడిపోలేదు. కుట్టేటప్పుడు తెలిసింది ఏమిటంటే, చూసేవాళ్ళ కన్ను ముక్కల మీదే ఉంటుంది గాని కుట్టేవాళ్ళ మనసంతా కుట్టు మీదే ఉంటుంది. ముక్కలు ఎంత వేరుగా ఉన్నా, పొరలన్నిటినీ దాటుకుని ఒకే దారం పోతుంటే అది ఒక వస్తువు.

ఆ తర్వాతే అవ్వ బొంతని వెనక్కి తిప్పి చూశాను. వెనకవైపు సగం దాకా కుట్లు బియ్యపు గింజల్లా దగ్గరగా ఉన్నాయి, మిగతా సగంలో కొంచెం బారుగా ఉన్నాయి. పెద్దమ్మ వేలు పెట్టి చూపించింది: "ఈ పక్క మాయమ్మది. ఆ పక్కది పక్కింటాయమ్మది, ఆయమ్మకు బిరబిరా కుట్టేది అలవాటు." ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరి కుట్టు ఏదో తెలుసు. జానపద కళకి కర్త ఉండడు అని మనం తేలిగ్గా రాసేస్తాం. ఉంటారు. సంతకం వెనకవైపు ఉంటుంది. గోడకి వేలాడదీస్తే కనపడనిది సరిగ్గా ఆ వైపే.

నిజానికి గోడకి వేలాడదీద్దామనే నేను ఆ రోజు ఊరికి వెళ్ళింది. చిరిగిన మూల కత్తిరించేసి, ఫ్రేమ్ కట్టించి ఫ్లాట్‌లో హాల్లో పెట్టుకుందామని. చెప్తే పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. "గోడకు సలి పెడ్తాదా?"

ఆలిస్ వాకర్ 1973లో అచ్చయిన 'ఎవ్రీడే యూజ్' కథలో ఇదే తగువు. చదువుకుని పట్నం నుంచి వచ్చిన డీ, అమ్మమ్మ క్విల్టులు గోడకి పెట్టుకుంటానని అడుగుతుంది. ఇంట్లో ఉన్న చెల్లెలు మాగీ వాటిని కప్పుకుని అరగదీస్తుందని ఆమె బాధ. తల్లి వాటిని మాగీకే ఇస్తుంది. కాలేజీలో చదివినప్పుడు డీని చూసి నవ్వుకున్నాను. పెద్దమ్మ ముందు నిలబడితే నేనే డీనని తెలిసింది.

అయితే కప్పుకోవడమే పుణ్యం, మ్యూజియం పాపం అని నేను అనలేను. అరిగిపోయిన బొంత చివరికి మసిగుడ్డ అవుతుంది. గోడ ఎక్కకపోతే మిజూరి పెట్‌వే పేరు నాకు తెలిసేది కాదు. 2006లో అమెరికా తపాలా శాఖ గీస్ బెండ్ క్విల్టులతో పది స్టాంపులు వేసింది. ఆ మరుసటి ఏడాదే అక్కడి కుట్టరులు కొందరు తమకి దక్కాల్సింది దక్కలేదని కోర్టుకెక్కారు. ఆ కేసులు 2008లో ముగిశాయి. గోడ ఎక్కించడం సులువు, ఎక్కినదాంట్లో వాటా ఎవరిదన్నది కష్టం. మెచ్చుకునే మనమూ ఆ లెక్కలో ఉన్నాం.

బొంత ఇప్పుడు ఊళ్ళోనే ఉంది. చిరిగిన మూలకి నా పాత నూలు చొక్కా ముక్క వేశాను. కుట్టు బారుగా పడింది. పెద్దమ్మ చూసి ఏమీ అనలేదు, విప్పమనీ అనలేదు.

నవల సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న మళ్ళీ చదివాను. ఇప్పటికీ నచ్చలేదు. కానీ ఇప్పుడు రాయాల్సొస్తే అతుకుల బొంత అనను. ముక్కలు బాగున్నాయి. కొన్నైతే అవ్వ ఎర్ర అంచంత బాగున్నాయి. దారమే పై పొర దాటి కిందికి దిగలేదు. రెండేళ్ళ కిందట ఇది చూడకుండా తిట్టు ఒకటి విసిరేశాను. ఆ రచయిత వెనకవైపు తిప్పి చూసుకునేలా ఒక్క మాటైనా చెప్పలేదు. అది సమీక్షకుడిగా నా కుట్టులో లోపం.